గడ్డకట్టని నల్ల

కోరుట్ల,
జనవరి రెండో వారం.

ప్రియమైన ఆనంద్ అన్నకు,

ఈ మాట ఇప్పుడే ఎందుకు చెప్పవలసి వచ్చిందో ముందుగా రాస్తాను. సరితకు మార్చిలో కాన్పు. కాన్పులో ఎవరికైనా నెత్తురు పోతుంది. పోయే నెత్తురు వేళకు గడ్డకట్టాలి. మొన్న ఆదివారం మీ ఇంట్లో చూసిన ఒక సంగతి వల్ల, సరిత నెత్తురు సరిగా గడ్డకడుతుందా అన్న అనుమానం నాకు కలిగింది. ఇది అనుమానమే, నిర్ధారణ కాదు. కాని నీ బిడ్డ కాన్పుకు ముందే తేల్చుకోవలసిన అనుమానం.

ఫోన్‌లో చెప్పవచ్చు కదా అంటావు. నువ్వు స్పీకర్ పెట్టకుండా మాట్లాడవు, ఇల్లంతా వింటుంది. పైగా గంభీరావుపేట దిక్కు పిల్లలెవరో ఫొటో పెట్టి కేసులో ఇరుక్కున్నప్పటి నుంచి వేట మాట ఫోన్‌లో ఎత్తవద్దని నువ్వే అన్నావు. అందుకే ఉత్తరం.

ఆ రోజు నేను వచ్చేసరికి నువ్వు పెరట్లో అడవి కుందేలును, మన చెవులపిల్లిని, ఒలుస్తున్నావు. శోభ వదిన నల్ల వేయించడానికి దాని నెత్తురును చిన్న గిన్నెలో పట్టి, ఉప్పు కలిపి, పెరుగులా పేరుకోవడానికి పొయ్యి పక్కన పెట్టింది. కూర ఉడికి దించేదాకా అది పేరుకోలేదు. గిన్నె వంచితే నీళ్ళలా కదిలింది. "ఉప్పు తక్కువైనట్టుంది. పోయినసారి గూడ గిట్లనే అయింది" అని వదిన ఇంకో చిటికెడు వేసింది. నువ్వేమో, "గీసారి ఉరికే పనే లేకపాయె. మక్కచేన్ల కూసున్నదాని మీద వల కప్పిన, గంతే" అని సంబరపడ్డావు. ఇవన్నీ వింటూనే నేను జొన్నరొట్టె తుంచుకుని కూరలో అద్దుకున్నాను. వేములవాడలో బస్సు మారేటప్పుడు గాని రెండు మాటలూ నాకు కలవలేదు.

పశువుల శవపరీక్షలు నా పని. ఆరోగ్యంగా ఉన్న జంతువు నెత్తురు గిన్నెలో పట్టిన కాసేపటికే బిగుసుకుంటుంది. అందులో ఉప్పు పాత్ర పెద్దగా లేదు. ఆరోగ్యంగా ఉన్న చెవులపిల్లి మనిషిని చూసి కూర్చోదు. ఎలుకల మందుల్లో ఒక రకం ఉంది. అది తిన్న వెంటనే చంపదు, నెత్తురు గడ్డకట్టే శక్తిని మెల్లగా తీసివేస్తుంది. ఆ మందు కాలేయంలో, మన కార్జంలో, నిలిచిపోతుంది. ఎంతసేపు ఉడికించినా, ఎంత మసాలా పట్టించినా పోదు.

నేను కూడా తిన్నాను కనుక ఇక్కడ నెత్తురు పరీక్ష చేయించుకున్నాను. బాగానే ఉంది. ఒక్క పూట తిన్నంత మాత్రాన సాధారణంగా ఏమీ కాదు. ఎన్నిసార్లు తిన్నారు, కార్జం ఎవరు తిన్నారు అన్నదే ముఖ్యం. ఆ మొక్కజొన్న చేలో ఎవరైనా ఎలుకల మందు పెట్టారా? ఈ మూడింటికి ఉన్నదున్నట్టు జవాబు రాయి. నిన్ను తప్పుపట్టడానికి అడగడం లేదు.

నీ చెల్లెలు,
సుమలత


బోయినపల్లి మండలం, మన ఊరు,
జనవరి ఆఖరు.

చెల్లె సుమలతకు ప్రభువు పేరిట వందనాలు.

నీ ఉత్తరం అందింది. ఈ రోజుల్లో కవరు మీద చేతిరాత చూసి, కోర్టు కాగితమేమోనని మీ వదిన గుమ్మంలోనే నిలబడిపోయింది. నీ పేరు చదివి వినిపించాక, "డాక్టరమ్మ కూర బాగలేదని రాసిందా ఏంది?" అని అడిగింది. ఉప్పు సంగతి రాసిందని చెప్పాను. దానికే రెండు రోజులు అలిగింది.

నువ్వు చిన్నప్పటి నుంచీ ఇంతే. పెళ్ళి పందిట్లో మాంసం ముక్క చేతిలోకి తీసుకుని, ఈ మేకకు కాలు విరిగి అతికిందని చెప్పి పక్కవాళ్ళను లేవగొట్టావు. పశువుల డాక్టరువు, మనుషులను మనుషుల డాక్టర్లకు వదిలేయి. చెవులపిల్లి మనకు కొత్తదా? మన నాయిన వల భుజాన వేసుకుని బయలుదేరితే ఆయన వెనక నువ్వూ నేనూ ఉరికినవాళ్ళమే కదా.

మేము తిన్నది ఆ ఒక్కటే. ఏడాదికి ఒకటో రెండో పడతాయి. కార్జం సంగతి నీకు తెలియనిదా? వేటకు పోయినవాళ్ళు నిప్పుల మీద కాల్చి అక్కడే తలా ఒక ముక్క పంచుకుంటారు. నల్ల నేను ముట్టను. మందిరంలో వాక్యం చదివేవాడిని, నెత్తురు తినవద్దని అందులోనే ఉంది. చేలో మందు పెట్టినట్టు నేనైతే వినలేదు.

సరిత బాగానే ఉంది. నెత్తురు తక్కువగా ఉందని మొదటి నుంచీ చెబుతున్నారు కనుక దసరాకు వచ్చినదాన్ని ఇక్కడే ఉంచుకుని మంచి తిండి పెడుతున్నాం. అల్లుడు దేవేందర్ జగిత్యాల నుంచి ప్రతి శనివారం వచ్చి చూసి పోతున్నాడు.

నీ వృత్తికి పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. మన కర్రెకుక్క లేవడం లేదు. ముక్కులోంచి నెత్తురు కారుతోంది, ముందరి మోకాలు బుడ్డగా వాచింది. పాము ముట్టిందేమో. ఏ మందు వేయాలో రాయి. సరితకు కూడా పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి నెత్తురు వస్తోందట. కడుపుతో ఉన్నవాళ్ళకు అది మామూలేనని మీ వదిన వేపపుల్ల మాన్పించింది.

నీ అన్న,
ఆనంద్


కోరుట్ల,
ఫిబ్రవరి మొదట్లో.

అన్నకు,

ఈ ఉత్తరం కొరియర్‌లో పంపుతున్నాను. నిన్నటి నుంచి ఎన్నిసార్లు ఫోన్ చేసినా నువ్వు ఎత్తడం లేదు.

ముందు కుక్క సంగతి. వేటలో బోటి, తలకాయ కుక్కకే వేస్తారు. ముక్కులోంచి నెత్తురు, మోకాలిలో వాపు. పాము కరిస్తే ఇలా కాకూడదని కాదు. కాని గిన్నెలో పేరుకోని నెత్తురును, పరుగెత్తని చెవులపిల్లిని, ఈ కుక్కను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకే కారణం కనిపిస్తోంది. దానికి విటమిన్ కె ఇప్పించు. దగ్గరలోని పశువుల దవాఖానకు ఈ పేరు రాసిన చీటీ ఇందులో పెడుతున్నాను.

ఇక సరిత చిగుళ్ళు. నువ్వు ఆ సంగతి కుక్క తర్వాత రాశావు. గర్భిణులకు చిగుళ్ళ నుంచి నెత్తురు రావడం నిజంగానే మామూలు. వదిన చెప్పినదాంట్లో తప్పు లేదు. ఇంకెవరైనా అయితే నేనూ అదే చెప్పేదాన్ని. ఆమె ఒంటి మీద దెబ్బ తగలకుండా కమిలిన మచ్చలు ఉన్నాయా? వదినను చూడమను.

ఒక్క చెవులపిల్లి తిన్న ఇంట్లో ఇన్ని కనిపించవు, అన్నా. "పోయినసారి గూడ" అని వదిన నా ముందే అన్నది. నువ్వు ఒకటే అని రాశావు. నీ మాట అబద్ధమని నేను అనను. మళ్ళీ లెక్క చూసుకోమంటాను.

సరితను సిరిసిల్లకు తీసుకుపోయి, నెత్తురు గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష చేయించు. పి.టి. అని అడిగితే తెలుస్తుంది. ఎలుకల మందు కలిసిన తిండి తిని ఉండవచ్చని డాక్టరుకు చెప్పు. వేట నేరమే. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. కాని డాక్టరుకు కావలసింది మందు పేరు, వల కాదు.

ఆదివారం మందిరం విడిచేసరికి నీ నుంచి కబురు రాకపోతే నేనే సరితకు ఫోన్ చేస్తాను. ఆమె ఒంటి గురించి ఆమెకు తెలియకుండా మనమిద్దరం ఉత్తరాలు రాసుకోవడం సరి కాదు.

సుమలత


మన ఊరు,
శుక్రవారం.

చెల్లెకు,

ఫోన్ మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను, ఎత్తడానికి చేయి రాలేదు. ఇది కోరుట్లకు వస్తున్న మన మందిరపు పెద్ద చేతికిచ్చి పంపుతున్నాను.

కుక్క చచ్చిపోయింది. నీ చీటీ అందేలోపే.

మందు పెట్టింది నేనే. దసరాకు ముందు చేను ఆసామి పటేల్ ఒక సంచి ఇచ్చి, మక్కలను ఎలుకలు మిగలనీయడం లేదు, గట్ల వెంట పెట్టమన్నాడు. ఎర్రగా మైనపు బిళ్ళల్లా ఉన్నాయి. పశువులవాళ్ళు గొడవ చేస్తారు, ఎవరికీ చెప్పవద్దన్నాడు. చేనుకు కావలి ఉండేది నేను కనుక పెట్టాను. అవి ఎలుకలకే అనుకున్నాను. చెవులపిల్లి మైనం తింటుందని నాకు తోచలేదు.

ఆ తర్వాతే వేట సులువైంది. ఒకప్పుడు ముగ్గురం తెల్లవారిందాకా ఉరికినా ఒకటి దొరికేది కాదు. ఇప్పుడు గట్టు మీద కూర్చుని కనిపించేవి. బిడ్డకు నెత్తురు తక్కువని విన్న నెలలోనే ఇలా జరిగితే, దేవుడే పంపుతున్నాడని మందిరంలో లేచి సాక్ష్యం చెప్పాను. దసరా నుంచి దాదాపు వారం తప్పలేదు.

కార్జం పంచుకున్నామని రాసింది అబద్ధం. ఎవరికీ పెట్టలేదు. నాతో వేటకు వచ్చే ఏసయ్యకు, అతని తమ్ముడికి మాంసం పోగులు పెట్టి, కార్జం మాత్రం ఆకులో చుట్టి ఇంటికి తెచ్చేవాడిని. నిప్పుల దగ్గర నేను చుట్టుకోవడం చూసి వాళ్ళు మొహాలు తిప్పుకునేవాళ్ళు. మన దగ్గర ఎవరూ చేయని పని అది. తెచ్చిన కార్జం అంతా సరితకే. నల్ల పేరుకోకపోయినా పులుసులో పోసి ఆమెకే పెట్టింది మీ వదిన. "నీసు వాసనొస్తుంది నాయినా, నాకొద్దు" అని మూతి తిప్పుకునేది. "కండ్లు మూసుకోని మింగు బిడ్డా, నెత్తురు పడుతది" అని నేనే పక్కన కూర్చుని తినిపించాను.

మచ్చలున్నాయి. తొడ మీద అరచేయంత ఒకటి. మంచం కోడు తగిలిందనుకున్నామని మీ వదిన అన్నది.

సోమవారం సిరిసిల్లకు తీసుకుపోతాను. నువ్వు చెప్పిన పరీక్ష అడుగుతాను. అది చాలదా? నీరసంగా ఉంది, పరీక్ష చేయండని అడిగితే వాళ్ళే కనిపెట్టి మందు ఇవ్వరా? ఇదంతా బయటికి వస్తే దేవేందర్ తల్లిదండ్రుల ముందు నేను ఎట్లా నిలబడాలి? పటేల్ కావలి మాన్పిస్తాడు. కేసు కూడా కావచ్చు. సరితకు ఫోన్ చేయవద్దని నిన్ను అడుగుతున్నాను.

ఆనంద్


కోరుట్ల,
శనివారం.

అన్నా,

చాలదు. ఎందుకు చాలదో చెబుతాను.

ఈ మందు ఒంట్లో నెలల తరబడి నిలుస్తుంది. కారణం తెలియని డాక్టరు రెండు మూడు ఇంజెక్షన్లు చేస్తాడు. నెత్తురు బాగుపడినట్టే కనిపిస్తుంది. ఇంటికి పంపిస్తాడు. కొద్ది రోజులకు మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ రోజుల్లోనే నొప్పులు వస్తే ఏమవుతుందో నేను రాయనక్కరలేదు. కారణం తెలిసిన డాక్టరు కాన్పు అయ్యేదాకా, ఆ తర్వాత కూడా మందు ఆపడు. తేడా అంతా నువ్వు చెప్పే మాటలోనే ఉంది. సోమవారం దాకా ఆగవద్దు. మీ మందిరపు పెద్ద చేతికే ఇచ్చి పంపుతున్న ఈ ఉత్తరం అందగానే బయలుదేరు.

నువ్వు వద్దన్నా ఈ ఉదయం సరితకు ఫోన్ చేశాను. తిన్నది ఏమిటో, ఒంట్లో ఏమి జరుగుతోందో, ఏ పరీక్ష చేయించాలో అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు. "నాయినకు ఎరుకేనా అత్తా?" అని అడిగింది. అది నాయినే చెబుతాడన్నాను. మందు పెట్టింది ఎవరో నేను చెప్పలేదు. అది నా నోటితో చెప్పవలసిన మాట కాదు.

నువ్వు ఆమెకు తెచ్చిపెట్టింది ప్రేమతోనే అని నాకు తెలుసు. డాక్టరుకు ఆ సంగతి అక్కరలేదు. బిళ్ళల పేరు కావాలి. సంచి మీద ఉంటుంది, చింపి తీసుకుపో. ఏసయ్య ఇంటికి కూడా పోయి చెప్పు. కార్జం తినకపోయినా వాళ్ళు మాంసం తిన్నారు.

సుమలత


సిరిసిల్ల,
మార్చి మూడో వారం.

చెల్లె సుమలతకు,

ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా నీకు తెలిసినవే. అయినా ఒకచోట వరుసగా రాస్తే నాకే తెలుస్తుందని కూర్చున్నాను. దవాఖాన ముందు చాయ్ హోటల్లో రాస్తున్నాను.

నువ్వు ఫోన్ చేసిన రోజు సరిత వచ్చి నా మంచం మీద, కాళ్ళ దగ్గర కూర్చుంది. నేను చెప్పేదాకా లేవలేదు. చెప్పాక, "ఆయనకు ఫోన్ చేస్తా, బండి మాట్లాడుకొస్తడు" అని లేచింది. తోవలో మేము దేవేందర్‌కు అసలు సంగతి చెప్పలేదు.

డాక్టరు ఏమేమి తిన్నావమ్మా అని అడిగాడు. సరిత నా వైపు చూసింది. అల్లుడు పక్కనే ఉన్నాడు. సంచి ముక్క బల్ల మీద పెట్టి, "ఎలుకల మందు తిన్న చెవులపిల్లి కార్జం, సార్. దసరా సంది నేనే తినిపిచ్చిన. చేన్ల మందు పెట్టింది గూడ నేనే" అన్నాను. డాక్టరు వల గురించి అడగలేదు, నువ్వు రాసినట్టే. ముక్క మీద పేరు రెండుసార్లు చదివి, వెంటనే ఎవరికో ఫోన్ చేశాడు. నెత్తురు గడ్డకట్టడానికి పట్టవలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువసేపు పడుతోందని పరీక్షలో వచ్చింది.

వరండాలో దేవేందర్ నన్ను కేకలు వేయలేదు. మెల్లగానే అడిగాడు. "మామా, మీ చెల్లె పట్టువట్టకపోతే గీ మాట చెప్తుంటిరా?"

నేను మందుల చీటీ తీసుకుని దుకాణానికి నడిచాను.

ఇంజెక్షన్లు, నెత్తురు సీసాలు. పది రోజులకు కాస్త బాగుందన్నారు. అంతలోనే, నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయి. నెత్తురు చాలానే పోయింది గాని ఆగింది. సరిత బతికింది. ఆడపిల్ల. గుప్పెడంత ఉంది. గాజుపెట్టెలో పెట్టి తలకు స్కానింగ్ తీశారు. లోపల చిన్న నెత్తురు మచ్చ ఉందన్నారు.

ఏసయ్య ఇంటికి పోయి చెప్పాను. "కార్జం మాకు పెట్టకుండ దాసుకపోతివని దసరా సంది నీ మీద కోపంగుంటిమి. ఇగ గిప్పుడు ఏమనాలె అన్నా నిన్ను?" అని నవ్వబోయి ఆగిపోయాడు. వాళ్ళందరి పరీక్షలూ బాగానే వచ్చాయి. పటేల్‌కు కూడా చెప్పాను. నన్ను కావలి మాన్పించాడు. మందు మాత్రం వేరే మనిషితో పెట్టిస్తూనే ఉన్నాడు. మందిరంలో వాక్యం చదవడం నేనే మానుకున్నాను.

నిన్న సరితనూ పసిదాన్నీ జగిత్యాలకు తీసుకుపోయారు; నేనింకా ఇక్కడి నుంచి కదలలేదు. తొలి కాన్పు బాలింత పుట్టింటికి రావాలి కదా అని మీ వదిన అన్నది. దేవేందర్ తల్లి సంచులు బండిలో పెట్టించింది. సరిత బండి ఎక్కుతూ, "అన్నం తిను నాయినా" అన్నది.

పసిదాని తలలో ఆ మచ్చ నా వల్లనేనా? నువ్వు నన్ను ఊరడించడానికి అబద్ధం రాయవు. అందుకే నిన్ను అడుగుతున్నాను.

ఆనంద్


కోరుట్ల,
ఏప్రిల్.

ప్రియమైన అన్నకు,

నీ ప్రశ్నకు జవాబు రాయడానికి ఇన్ని రోజులు తీసుకున్నాను. తెలిసినవాళ్ళను అడిగాను, చదవవలసినవి చదివాను. ఈ ఆదివారం జగిత్యాలకు పోయి పాపను చూసి వచ్చాను.

అవును అని రాయలేను. కాదు అని కూడా రాయలేను. ఆ మందు తల్లి నుంచి కడుపులోని బిడ్డకు చేరగలదు. ఇది నిజం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఏ మందూ లేకుండానే తలలో అలాంటి మచ్చ రావచ్చు. ఇదీ నిజమే. సరిత నెత్తురులో ఆ మందు జాడ వెతకడానికి హైదరాబాద్‌కు పంపిన నమూనా ఫలితం ఇంకా రాలేదు. వచ్చినా, తల్లి ఒంట్లో ఉన్నదీ లేనిదీ చెబుతుంది గాని, పాపకు చేరింది ఎంతో, ఆ మచ్చ దేనివల్లనో చెప్పదు. పరీక్షించడానికి ఆ కార్జం ముక్క ఒక్కటీ మిగల్లేదు.

తెలిసిన సంగతి ఒకటి ఉంది. కారణం తెలియడం వల్లనే ఇంజెక్షన్లు కాన్పుదాకా ఆపలేదు. ఆ కారణం నీ నోటి నుంచే వచ్చింది. ఆలస్యంగా వచ్చింది గాని వచ్చింది. నిన్ను ఊరడించడానికి కాదు, రెండూ జరిగాయి కనుక రెండూ రాస్తున్నాను.

సరిత ఒంటి మీద మచ్చలు పోయాయి. మందు ఇంకా వాడుతోంది, వాడాలి కూడా. పాప పాలు బాగా తాగుతోంది. నా వేలు పెడితే కుడిచేత్తో గట్టిగా పట్టుకుంది. ఎడమచేయి కూడా పట్టుకుంటుంది, కాని పట్టు కొంచెం వదులుగా ఉన్నట్టు నాకు అనిపించింది. నేను పశువుల డాక్టరును, నాకు అనిపించినదాన్ని లెక్కలోకి తీసుకోకు. వాళ్ళ డాక్టరు కూడా ఆ చేయి చూసి, ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నాడు.

నీ మాట నేను ఎత్తలేదు. సరితే ఎత్తింది. పాపను ఒళ్ళో సర్దుకుంటూ, "నాయిన యాదికస్తడు అత్తా. నోట్లె ముద్ద వెట్టుకుంటే గూడ యాదికస్తడు. రమ్మనాల్నంటే మాత్రం మనసు వస్తలేదు. నువ్వైతే రమ్మనకు" అన్నది. ఆ మాటలు నీకు రాయవచ్చా అని అడిగాను. రాయమన్నది.

అందువల్ల నిన్ను జగిత్యాలకు పొమ్మని గాని, ఆగమని గాని నేను చెప్పడం లేదు. పాప ఎడమచేయి కుడిచేతిలా పనిచేస్తుందో లేదో ఆమె పాకే వయసు వచ్చేదాకా తెలియదు. సరిత నిన్ను పిలుస్తుందో లేదో నాకు తెలియదు. ఆమెకు కూడా తెలియదు.

నీ చెల్లెలు,
సుమలత